పటము, పట్టిక, సంఖ్య

తాండూరు నుండి కరణ్‌కోటకు పోవు దారిలో నేలను కొంచెము పరికించి చూచినవారికి రాయి పొరలు పొరలుగా, పుస్తకములోని పుటలవలె, ఒకదానిపై నొకటి పరచుకొని యుండుట కనబడును. ఆ పొరలను ఊడదీసి, పలకలుగా కోసి, ఊరూరికి పంపుదురు. తాండూరు నాపరాయి కాలికి తగులని ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. ఆ సున్నపురాతిని పొడిచేసి, కాల్చి, సిమెంటుగా మార్చుటకై సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను ప్రభుత్వ సంస్థ కరణ్‌కోటలో కర్మాగారమును నెలకొల్పినది. రాతిపైని నల్లమట్టిలో కంది పండును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఒకటే నేల. పైన రైతు పంట, క్రింద గని రాయి. ఈ నేలను గూర్చి కాగితముపై రెండు విధములైన వ్రాతలు కలవు. ఒకటి బొమ్మ, రెండవది లెక్క. బొమ్మలో పొలము గట్లు, వాగులు, బండిదారులు గీతలుగా నుండును. లెక్కలో ఎకరములు, గుంటలు, శిస్తు, పట్టాదారు పేరు వరుసగా నుండును. బొమ్మకు పేరు తెలియదు. లెక్కకు ఆకారము తెలియదు. ఈ రెంటిని కలిపి ముడివేయునది ఒక చిన్న సంఖ్య. ఆ సంఖ్య చరిత్రయే నేటి మా ప్రసంగ విషయము.

మేము రేడియోలో పనిచేయువారము గనుక ఈ విషయమున మాకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఏ శాస్త్రజ్ఞుడో తన వ్యాసమును తెచ్చి, "మూడవ పటములో చూపినట్లు" అని చదువబోవును. శ్రోతకు పటమెక్కడిది? ఆ వాక్యమును కొట్టివేసి, పటములోని సంగతిని మాటలలో చెప్పించవలసి వచ్చును. అట్లు కొట్టివేసినప్పుడే ఆ నాలుగు మాటలలో ఎంత పని ఇమిడి యున్నదో మాకు బోధపడినది. "మూడవ పటము" అనగా అది ఎన్నవ పుటలో నున్నను, ఎవరు చదివినను, ఎన్నేండ్లకు చదివినను, అదే పటము కావలెను. అది రచయిత పాఠకునకు ఇచ్చిన మాట.

పూర్వము శాస్త్రగ్రంథములలో ఈ మాట అవసరమగుటకు అచ్చుపనియే ముఖ్య కారణము. అక్షరములు ఒక యంత్రముపై అచ్చగును. రాగిరేకుపై చెక్కిన పటములో, రాతిపై గీసిన పటములో, వేరొక యంత్రముపై వేరు కాగితముపై అచ్చగును. అవి గ్రంథము చివర చేర్చి కుట్టబడును. కావున రచయిత "ఈ క్రింది బొమ్మ" అని వ్రాయుటకు వీలులేదు, ఆ బొమ్మ క్రింద లేదు గనుక. ప్రతి పటమునకు ఒక సంఖ్య నిచ్చి, వాక్యములో ఆ సంఖ్యను పేర్కొనుటయే గతి. చివర కుట్టిన పెద్ద పటములకు రోమను అంకెలు, అక్షరముల నడుమ వచ్చు చిన్న బొమ్మలకు మామూలు అంకెలు వేయు ఆచారము ఇట్లే స్థిరపడినది. రెండు వరుసలు ఒకదానితో నొకటి కలిసిపోకుండుటకు అది కట్టుబాటు.

గ్రంథములో పటము తప్పిన పాఠకుడు విసుగుకొని పుటలు తిరుగవేయును, అంతే. పొలము విషయమున తప్పినచో ఆ తప్పు ఒక కుటుంబపు కూటిమీదికి వచ్చును. అందుచేత పొలము సంఖ్య ఎట్లు పుట్టినదో చూతము.

దక్కనులో ఆంగ్లేయుల యేలుబడిలోని బొంబాయి రాజ్యమున, పూనా ప్రాంతములో, 1820వ దశాబ్దమున ప్రింగిల్ అను అధికారి భూమి కొలత ప్రారంభించెను. పొలము దిగుబడిలో ఖర్చులు పోగా మిగులు ఎంతయో సూక్ష్మముగా లెక్కకట్టి, దానిని బట్టి శిస్తు వేయవలెనని ఆయన సంకల్పము. లెక్కలు చక్కగా వ్రాయబడెను, కాని క్రింది ఉద్యోగుల కొలతలు సరిగా లేకపోయెను, శిస్తు మోయరాని భారమయ్యెను. రైతులు భూములు విడిచిపోయిరి. పట్టిక అందముగా నున్నంతమాత్రాన నేల దానికి లోబడదని ఆ అనుభవము తెలిపినది.

1835లో ఇందాపూరు తాలూకాలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అను ఇద్దరు అధికారులు క్రొత్త పద్ధతి మొదలిడిరి. 1847లో ఆ పద్ధతి నియమములు ఒక ఉమ్మడి నివేదికగా రూపొందెను. ఒక జత ఎద్దులతో సాగుచేయదగినంత పొలమును ఒక ఘటకముగా తీసికొని, చుట్టును హద్దురాళ్లు పాతి, దానికొక సంఖ్య నిచ్చుట అందులోని మూలసూత్రము. ఆ పొలమునకే సర్వే నంబరు అని పేరు వచ్చినది. గమనింపుడు: పొలమునకు సంఖ్య ఉన్నదని అనలేదు, పొలమునే నంబరు అనిరి. నేటికిని మన పల్లెలలో "ఆ నంబరులో జొన్న వేసినాము" అనుట వినుచునే యున్నాము.

హైదరాబాదు రాజ్యమున మొదటి సాలార్‌జంగు దివానుగా నున్నకాలములో, 1865లో జిల్లాల యేర్పాటు జరిగెను. తరువాత 1870వ దశాబ్దమున సర్వే, బందోబస్తు శాఖ పని ఆరంభించెను. పొరుగున స్థిరపడిన బొంబాయి పద్ధతినే ఇచ్చటను అనుసరించిరి. కాగితముల పేర్లు సైతము ఆ దారినే వచ్చినవి. శేత్ అనగా మరాఠీలో పొలము. పొలమువారీగా వ్రాసిన పట్టిక సేత్వార్. పొలము కొలతలను గుర్తుపెట్టుకొను చిత్తు బొమ్మ టిప్పణ్. మన టిప్పణి, టిప్పణము అను మాటలకు అది చుట్టమే. ఊరంతటిని చూపు పటము నక్షా. ఏటేట ఎవరు సాగుచేసిరి, ఏ పంట వేసిరి అని వ్రాయునది పహాణీ. ఆంధ్ర జిల్లాలలో దానినే అడంగలు అందురు.

కొలత గొలుసు విషయము చెప్పుకొనదగినది. ఈ పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు. దానిని రూపాయివలె 16 అణాలుగా విభజించిరి. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చదరము 1,089 చదరపు అడుగులు, అనగా 121 చదరపు గజములు. అదియే ఒక గుంట. అట్టివి 40 చేరిన ఒక ఎకరము. కావున పొలములో గొలుసులెన్నియో లెక్కించి గుణించిన చాలును, గుంటలు వాటంతట అవియే వచ్చును. మార్చుటకు వేరొక లెక్క అక్కరలేదు. లెక్క చదువు కొద్దిగా వచ్చినవాడు సైతము తప్పు చేయకుండుటకు ఇట్టి ఏర్పాటు చేసిరి. పొలము పొడుగునా ఒక మూలగీత సాగదీసి, దానినుండి మూలమూలకు అడ్డకొలతలు తీసి, త్రిభుజములుగా విడదీసి, వైశాల్యము కట్టుదురు. ఆ కొలతలన్నియు టిప్పణ్‌లో గీతల ప్రక్కనే అంకెలుగా నుండును.

ఇప్పుడు ఒక సంఖ్య పని చూడుడు. ఒక ఊరిలో 47 అను సర్వే నంబరు ఉన్నదనుకొందము. నక్షాలో 47 చూచినచో ఆ పొలము ఎక్కడ నున్నదో, దాని ఇరుగుపొరుగు ఏవో తెలియును. టిప్పణ్‌లో 47 తీసినచో దాని ప్రతి గట్టు పొడవు తెలియును. సేత్వార్‌లో 47 చూచినచో విస్తీర్ణము, శిస్తు తెలియును. పహాణీలో 47 చూచినచో ఈ యేడు సాగు ఎవరిదో తెలియును. నాలుగు పెట్టెలకు ఒకటే తాళపుచెవి. ఒక పెట్టెలో దొంగవ్రాత దూరినచో మిగిలిన మూడు పెట్టెలు దానిని పట్టి ఇచ్చును. ఈ పరస్పర సాక్ష్యమే ఈ యేర్పాటు బలము.

పొలములు పంపకములకు వచ్చును. తండ్రి పోయిన పిమ్మట ముగ్గురు అన్నదమ్ములు పంచుకొందురు. అప్పుడేమి చేయవలెను? 47ను తీసివేసి 47, 48, 49 అని క్రొత్త అంకెలు వేసినచో, పాత 48 మొదలు ఊరి చివరి పొలము వరకు అందరి సంఖ్యలు మారిపోవును. పాత దస్తావేజులన్నియు పొరుగువాని పొలమును చూపును. అందుచేత పెద్ద సంఖ్యను కదలించక, దాని ప్రక్కన చిన్న గుర్తు చేర్చుట నియమమయ్యెను. ఉర్దూ కాగితములలో అలిఫ్, బే అనియు, తెలుగు కాగితములలో అ, ఆ అనియు వ్రాసిరి. 47/అ, 47/ఆ, 47/ఇ. తండ్రి పేరు నిలిచి యుండగా బిడ్డలు పుట్టినట్లు.

ఈ నియమములో ఒక షరతు కలదు. పట్టికలో సంఖ్య చీలినప్పుడు పటములోను పొలము చీలవలెను. గొలుసు పట్టి, క్రొత్త గట్టు గీసి, కొత్త టిప్పణ్ వ్రాయవలెను. ఈ పనినే పోడి అందురు. తెలంగాణములో ఎన్నో చోట్ల ఈ షరతు తప్పినది. వారసత్వములు, అమ్మకములు జరిగినకొలది పహాణీలో ఉపసంఖ్యలు పెరిగినవి, నక్షాలో గీత మాత్రము పడలేదు. లెక్కలో ముగ్గురు, బొమ్మలో ఒక్కటే పొలము. ఆ ముగ్గురిలో ఎవరి భాగము వాగు ప్రక్కదో, ఎవరిది రాతిమీదిదో కాగితము చెప్పలేదు.

సరిచూచుకొను సూత్రము కష్టమైనదేమి కాదు. మన ఉదాహరణలోని 47వ నంబరు సేత్వార్‌లో 6 ఎకరముల 20 గుంటలు అనుకొందము. గుంటలలో 260. అన్నదమ్ములకు 90, 90, 80 గుంటలు వచ్చిన మొత్తము సరిపోవును. కొంతకాలమునకు ఒకని వంతు చేతులు మారి, వ్రాతలో 80కి బదులు 90 పడినదనుకొనుడు. పట్టికలో మొత్తము 270 అయినది. నేల మాత్రము 260 దగ్గరనే ఆగి యున్నది. కాగితముపై పుట్టిన ఆ పది గుంటలు కాకిలెక్క. కాని దానికి సొమ్మిచ్చి కొన్నవాడు నిజమైన మనిషి. పొలములన్నియు పంటకే ఉన్నంత కాలము ఇట్టి తేడా గట్టు దగ్గరి మాటలతో సమసిపోవచ్చును. ఆ నేల గనికో, కర్మాగారమునకో, రహదారికో కావలసి వచ్చి గుంటకింత అని పరిహారము కట్టు దినమున, ఆ పది గుంటలు అన్నదమ్ములను న్యాయస్థానము మెట్లెక్కించును.

ఇందుకే పాత కాగితములకు అంత గౌరవము. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కొరకు నేటికిని జనులు కార్యాలయములకు తిరుగుచుందురు. ఆ పట్టిక ఎంత పాతదైనను అందులోని సంఖ్య నేటి సంఖ్యతో ముడిపడి యుండుటయే అందుకు కారణము. తాండూరు చరిత్రయే చూడుడు. ఈ తాలూకా హైదరాబాదు రాజ్యమున గుల్బర్గా జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు గుల్బర్గా మైసూరు రాష్ట్రమునకు పోయినది. తాండూరు ఆంధ్రప్రదేశములో చేరి హైదరాబాదు జిల్లాలో కలిసినది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినది. 2014లో తెలంగాణ రాష్ట్రము వచ్చినది. 2016లో వికారాబాదు జిల్లా పుట్టినది. ఒకే ఇంట పుట్టి పెరిగిన ముదుసలి మూడు జిల్లాలు, రెండు రాష్ట్రములు దాటినట్లు లెక్క. కాగితముపై జిల్లా పేరు మారినది, ముద్ర మారినది, భాష మారినది. పొలమును గుర్తుపట్టుటకు మిగిలిన ఆధారము ఊరి పేరు, సర్వే నంబరు. అదియు మారినచో ఆ నేల చరిత్ర తెగిన గాలిపటమే.

ఊరి పటము దాటి దేశ పటమునకు పోయినను ఇదే సమస్య ఎదురగును. 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖ కొలిచి లాంబ్టన్ ఆరంభించిన మహా త్రికోణ సర్వే దక్షిణపు కొస నుండి పైకి వచ్చి, బీదరు సమీపమున దామరగిద్ద వరకు సాగినది. అది తాండూరుకు దాదాపు నేరుగా ఉత్తరమున ఉన్నది. ఇరువదవ శతాబ్దమున సర్వే ఆఫ్ ఇండియా వారు దేశమును నాలుగు డిగ్రీల చదరములుగా విభజించి సంఖ్యలిచ్చిరి. 16 నుండి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 76 నుండి 80 డిగ్రీల తూర్పు రేఖాంశము వరకు గల చదరము సంఖ్య 56. దానిని డిగ్రీకొకటి చొప్పున పదునారు భాగములు చేసి ఏ, బీ, సీ అని అక్షరములు వేసిరి. తాండూరు ప్రాంతము 56జిలో పడినది. ఒక్కొక్క అక్షరమును మరల పదునారు చేసి అంకెలు వేసిరి. చదరము, అక్షరము, అంకె తెలిసిన చాలును, ఆ కాగితము భూమిపై ఎచ్చటిదో ఎవరికైనను తెలియును. పొలము చీలినప్పుడు 47/అ అని వ్రాసిన పల్లెవాని తెలివి, ఈ పండితుల తెలివి ఒకటే.

2005లో జాతీయ పటముల విధానము వచ్చిన పిమ్మట ప్రజలకిచ్చు పటములకు అంతర్జాతీయ పద్ధతి ననుసరించి వేరు సంఖ్యలు వచ్చినవి. ఆ పద్ధతిలో 78వ రేఖాంశము ఒక హద్దు. కావున పాత లెక్కలో 56వ చదరమున ఒకే కప్పు క్రింద నున్న తాండూరు, హైదరాబాదులు క్రొత్త లెక్కలో విడిపోయినవి. తాండూరు ఇ43లోనిది, హైదరాబాదు ఇ44లోనిది. పాత నివేదిక చదువువాడు 56జి అని చూచి క్రొత్త పటముల దొంతరలో వెదకినచో దొరకదు. పాత సంఖ్యకు క్రొత్త సంఖ్య ఏదో చూపు పట్టిక ప్రక్కనుండవలెను. సంఖ్య మార్చుట తప్పు కాదు. పాతదానికి క్రొత్తదానికి నడుమ వంతెన వేయక మార్చుట తప్పు.

ఈ ప్రాంతపు రాతికి శాస్త్రలోకమున భీమా శిలలని పేరు. 1872లో విలియం కింగ్ ఆ పేరు పెట్టెను. 1876లో బ్రూస్ ఫుట్ దక్షిణ మహారాష్ట్ర ప్రాంతములను గూర్చిన గ్రంథములో వీటిని వర్ణించెను. రెండును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ వారి ప్రచురణలే. తరువాతి కాలమున సున్నపురాతి గనులకై పరిశోధించువారు నేలలో బెజ్జములు తొలిచి, రాతిముక్కలను పైకి తీసి పరీక్షింతురు. ప్రతి బెజ్జమునకు ఒక సంఖ్య. ఉపరితల పటములో ఆ సంఖ్య చోటును చూపును. నిలువుకోత పటములో అదే సంఖ్య పొరల లోతును చూపును. రసాయన పట్టికలో అదే సంఖ్య రాతిలో సున్నము పాలు ఎంతయో చూపును. శుద్ధమైన సున్నపురాతిలో ఆ పాలు నూటికి 56. మట్టి, ఇసుక కలిసినకొలది తగ్గును. ఒక బెజ్జపు సంఖ్య తారుమారైనచో మంచి రాయి ఉన్నచోట విడిచి, చెడ్డరాయి ఉన్నచోట త్రవ్వుదురు. పైన రైతు లెక్కకు సర్వే నంబరు, క్రింద గని లెక్కకు బెజ్జపు నంబరు. రెండును ఒకే నియమమునకు లోబడినవి.

ఈ నియమము మాకు సుళువుగా పట్టుబడలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక రూపకమును సిద్ధము చేయుచు, నాలుగవ పుటకు ఐదవ పుటకు నడుమ ఒక క్రొత్త సన్నివేశము చేర్చితిమి. 4-అ అని వేసి ఊరకుండవలసినది. ముచ్చటగా నుండునని ఐదు మొదలు చివరివరకు పుటల సంఖ్యలన్నియు దిద్దితిమి. ధ్వనుల పట్టిక మాత్రము పాతదే మిగిలెను. అందులో "ఏడవ పుట, వాన" అని యున్నది. పెండ్లి పందిరిలో నాదస్వరము మ్రోగవలసినచోట కుండపోతగా వాన కురిసెను. శ్రోతలు పెద్ద మనసుతో నవ్వి ఊరకుండిరి. తప్పు మాది.

అప్పుడు మాకు తట్టిన సంగతి ఇది. సంఖ్యలు రెండు జాతులు. ఒకటి వరుసను చెప్పునది. రెండవది పేరుగా నిలుచునది. గ్రంథములోని పటముల సంఖ్య వరుస సంఖ్య. నడుమ ఒక పటము చేర్చినచో తరువాతివి మారుట సహజమే. మారినప్పుడు వాక్యములలోని ప్రస్తావనలన్నియు మారవలెను. ఈ శ్రమ తప్పించుటకు యంత్రములు వచ్చినవి. 1978లో డొనాల్డ్ క్నూత్ అను అమెరికా ఆచార్యుడు టెక్ అను అక్షరకూర్పు పద్ధతిని వెలువరించెను. 1980వ దశాబ్దపు తొలి సంవత్సరములలో లెస్లీ లాంపోర్ట్ దానిపై లాటెక్ అను పద్ధతిని నిర్మించెను. అందులో రచయిత పటమునకు అంకె వేయడు. తనకు గుర్తుండు ఒక పేరు పెట్టును. వాక్యములో ఆ పేరునే పిలుచును. యంత్రము ఒకసారి గ్రంథమంతయు నడచి ఏ పేరునకు ఏ సంఖ్య వచ్చినదో వ్రాసికొని, మరల నడచి ఆ సంఖ్యలను ఆయాచోట్ల నింపును. పిలిచిన పేరు దొరకనిచో అచ్చట రెండు ప్రశ్నార్థకములు వేసి ఊరకుండును. తెలియని దానిని తెలిసినట్లు వ్రాయదు. ఆ నిజాయితీ మమ్ము ఆకర్షించినది.

పొలము సంఖ్య వరుస సంఖ్య కాదు. మొదట వరుసగా వేసినను, వేసిన మరునాటి నుండి అది పేరు. మనిషి పేరు దిద్దునప్పుడు ఎంత జాగ్రత్త కావలెనో దానిని దిద్దునప్పుడును అంతే కావలెను. 2020లో ధరణి, 2025లో భూభారతి అని భూమి లెక్కలు యంత్రములకెక్కినవి. కమతమునకు భూధార్ అను ప్రత్యేక సంఖ్య ఇచ్చు ఏర్పాటును భూభారతి చట్టములో చేర్చిరి. మంచిదే. అయితే యంత్రములోని పట్టికకు పొలములోని పటము తోడురానిదే ఏ సంఖ్యయు సార్థకము కాదు. కొలిచి, గీసి, ఆపైన సంఖ్య వేయవలెను. ఆ క్రొత్త సంఖ్య ప్రక్కనే పాత సర్వే నంబరును చెరపక నిలుపవలెను.

మా పాఠకులలో పొలములున్నవారికి ఒక మనవి. మీ ఇంటి పెట్టెలోని పాసుపుస్తకమును ఒకసారి తీయుడు. అందులోని ఉపసంఖ్యకు నక్షాలో గీత ఉన్నదా, అన్నదమ్ముల వంతులు కూడినచో సేత్వార్ విస్తీర్ణమునకు సరిపోవుచున్నదా అని చూడుడు. సరిపోయినచో సంతోషము. సరిపోనిచో, పెద్దలు బ్రతికి యుండగనే, హద్దురాయి కదలకముందే, కూర్చుండి సరిచేసికొనుడు. ఆ పని నేడు ఒక పూటలో ముగియును. బిడ్డల కాలమునకు విడిచినచో ఎన్నేండ్లు పట్టునో చెప్పలేము.